సాక్ష్యంలో ఆ పదకొండు నెలలు చెప్పలేదు, ఇప్పుడు ఏం చేయాలి?

ఆవగింజ (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ వందనాలు. ఇక్కడ చదవడమే తప్ప నేను రాసింది తక్కువ. ఈరోజు రాయకపోతే మాత్రం నిద్ర పట్టేలా లేదు.

నేను ఒకప్పుడు తాగేవాణ్ణి. ఫంక్షన్‌లో ఒక గ్లాసు పుచ్చుకునే రకం కాదు, పొద్దున పళ్ళు తోముకోకముందే కావాల్సిన రకం. పాత బూట్ల డబ్బాలో సీసా పెట్టి, పైన పేపర్ కప్పి, ఆ డబ్బా మీద ఇంకో డబ్బా పెట్టి, ఇదంతా ఎవరికీ తెలియదనుకునేవాణ్ణి. ఇంట్లో అందరికీ తెలుసన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తొమ్మిదేళ్ళ కిందట ఒక రాత్రి హాల్లో నేల మీద బోర్లా పడి, ప్రభువా ఇక నా వల్ల కాదు, నువ్వే చూసుకో అని ఏడ్చాను. ఆ రాత్రి నాకు ఏదో జరిగింది. దాని మీద నాకు అప్పుడూ అనుమానం లేదు, ఇప్పుడూ లేదు.

తర్వాత సంఘంలో సాక్ష్యం చెప్పమన్నారు, అంటే ప్రభువు నా జీవితంలో ఏం చేశాడో అందరి ముందు చెప్పమని. మొదటిసారి ఇరవై నిమిషాలు పట్టింది, సగం ఏడుపే. రెండోసారి యూత్ మీటింగ్, ఐదు నిమిషాల్లో ముగించు బ్రదర్ అన్నారు. చెప్పీ చెప్పీ దాన్ని చెక్కుకుంటూ పోయాను. చివరికి మిగిలింది ఇది: "ఆ రాత్రి మోకరించాను, పొద్దున లేచేసరికి ఆ దాహమే లేదు." ఈ మాట అన్నప్పుడల్లా హాలంతా హల్లెలూయా అనేది. నాకూ బాగానే ఉండేది, దాచడమెందుకు.

నిజానికి ఆ దాహం పూర్తిగా పోవడానికి ఆ రాత్రి తర్వాత పదకొండు నెలలు పట్టింది. డాక్టర్ దగ్గరికి వెళ్ళాను, మాత్రలు వేసుకున్నాను. మధ్యలో రెండుసార్లు మళ్ళీ తాగాను. రెండోసారి అయితే పొద్దున ఆరాధనలో పాట పాడి వచ్చిన రోజు సాయంత్రమే.

ఈమధ్య ఆఫీసులో నా పక్క సీటులోకి ఒకతను వచ్చాడు. నాకంటే పదేళ్ళు చిన్న. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ఎత్తడం చూడగానే నాకు అర్థమైపోయింది, తాగినోడికి తాగినోడు తెలుస్తాడు. చాలా రోజులు తటపటాయించి, ఒకరోజు ధైర్యం చేసి నా సాక్ష్యం చెప్పాను. సంఘం బయట నోరు తెరవడం అదే మొదటిసారి. అతను మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. ఇద్దరం ప్రార్థన చేసుకున్నాం. ఆ రాత్రి ఇంట్లో ఉన్నదంతా సింకులో పారబోశానని మెసేజ్ పెట్టాడు. నేనైతే గాల్లో తేలిపోయాను.

నాలుగు రోజుల తర్వాత అర్ధరాత్రి ఫోన్. మాట ముద్దముద్దగా ఉంది. "అన్నా, నాలుగు రోజులే ఆగగలిగాను. మీకు ఒక్క రాత్రిలో పోయింది కదా. మీ దేవుడు నన్ను చూడలేదేమో."

అది జరిగి పది రోజులైంది. నేను అతని కళ్ళలోకి చూడలేకపోతున్నాను. అసలు సంగతి ఇప్పుడు చెబితే, మొదట చెప్పిందంతా అబద్ధమే అనుకోడా? చెప్పకపోతే నాకు టెన్షన్. ఏం చేయమంటారు?

పాతనిబంధన

బ్రదర్, మరీ అంత బాధపడకండి. సాక్ష్యం అంటే కోర్టులో ఇచ్చే వాంగ్మూలం కాదు. దారిలో వెలుగు కమ్మి చూపు పోయి, ప్రభువును నమ్మిన తన కథను పౌలు బైబిల్లోని అపొస్తలుల కార్యములలో రెండుసార్లు చెబుతాడు, 22వ అధ్యాయంలో జనసమూహానికి, 26లో అగ్రిప్ప రాజుకు. రెండూ పక్కపక్కన పెట్టి చదవండి. 22లో అననీయ అనే శిష్యుడు వచ్చి చూపు పొందమనడం, లేచి బాప్తిస్మం తీసుకొమ్మనడం ఉంది. అగ్రిప్ప ముందు చెప్పినదాంట్లో అననీయ పేరే లేదు. వినేవాళ్ళను బట్టి, సమయాన్ని బట్టి కుదించడం తప్పు కాదు. మహిమ దేవునికి వెళ్ళిందా లేదా అన్నదే లెక్క.

తోమా తమ్ముడు

పైన అన్నది బాగుంది కానీ చిన్న తేడా ఉంది. పౌలు అననీయను వదిలేశాడు, సరే. అంతేగానీ "నా కళ్ళు వాటంతటవే తెరుచుకున్నాయి" అనలేదు. వదిలేయడం వేరు, వదిలేసిన చోట ఇంకొకటి పెట్టడం వేరు. ఆవగింజ గారు పదకొండు నెలలు వదిలేసి ఊరుకుంటే నేనేమీ అనేవాణ్ణి కాదు. "పొద్దున లేచేసరికి దాహమే లేదు" అన్నది కుదింపు కాదు సార్, అది వేరే కథ.

(నన్ను తిట్టుకోకండి, నా పేరులోనే అనుమానించే శిష్యుడు తోమా ఉన్నాడు.)

నైట్ డ్యూటీ

వేదాంతం తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఒక ప్రశ్న. ఆ నాలుగు రోజుల్లో అతనికి ఏమైందో అడిగారా? చేతులు వణకడం, ఒళ్ళంతా చెమటలు, నిద్ర లేకపోవడం, లేనివి కనబడడం లాంటివి?

నేను నర్సుని. రోజూ ఎక్కువగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులు గడిచేసరికి కొందరికి మతి చలించి, ఎక్కడున్నారో తెలియక, గోడ మీద పురుగులు పాకుతున్నాయని చేతులతో దులుపుకుంటారు. దాన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటాం. చూసుకునేవాళ్ళు లేకపోతే ప్రాణం పోవచ్చు. అందుకే డాక్టర్లు మాత్రలిచ్చి మెల్లగా దించుతారు, బి1 విటమిన్ ఎక్కిస్తారు. మీ పదకొండు నెలల్లో ఆ డాక్టర్ చేసింది ఇదే అయి ఉంటుంది. సాక్ష్యంలోంచి మీరు కోసేసిన ముక్క అదే. అతనికి అన్నిటికంటే అవసరమైన ముక్క కూడా అదే.

మీ మీద కోపంతో కాదు, భయంతో రాస్తున్నాను. "ప్రభువు చాలు, మాత్రలెందుకు" అని ఆపేసి మా దగ్గరికి స్ట్రెచర్ మీద వచ్చినవాళ్ళను చూశాను. అతను ఇప్పుడు మళ్ళీ తాగుతున్నాడు కాబట్టి మళ్ళీ తనంతట తానే ఒక్కసారిగా ఆపేయొద్దని ఈరోజే చెప్పండి. రేపు కాదు.

ఆవగింజ

సిస్టర్, చదవగానే చేతులు చల్లబడ్డాయి. నాకు మాత్రలు ఎందుకిచ్చారో ఇన్నేళ్ళూ నేనే సరిగ్గా అడగలేదు. అతనికి ఇప్పుడే ఫోన్ చేశాను. ఎత్తాడు. ఒంట్లో బాగోలేకపోతే వెంటనే హాస్పిటల్‌కి వెళ్ళాలని, తనంతట తాను ఆపేయొద్దని, రేపు నేనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తానని చెప్పాను. సరే అన్నాడు. మిగతాది ఇంకా చెప్పలేదు.

నీళ్లకుండ

బావి దగ్గర యేసును కలిసిన సమరయ స్త్రీని తలుచుకోకుండా నేను ఏ చర్చలోనూ ఉండలేను, నా పేరు చూస్తే తెలుస్తుంది కదా. యోహాను 4లో ఆమె కుండ అక్కడే వదిలేసి ఊళ్ళోకి పరుగెత్తింది. వెళ్ళి ఏం చెప్పింది? నేను చేసినవన్నీ నాతో చెప్పిన మనిషిని వచ్చి చూడండి, ఈయన క్రీస్తు కాడా అంది. అది ప్రశ్న! ఖచ్చితంగా ఆయనే అని కూడా అనలేదు. తన ఐదు పెళ్ళిళ్ళ చిట్టా కూడా విప్పలేదు. తనకు తెలిసినంత చెప్పి, మీరే వచ్చి చూడండి అంది. చివర్లో ఊరివాళ్ళు, ఇప్పుడు నీ మాట మీద కాదు, మేమే విన్నాం కాబట్టి నమ్ముతున్నాం అంటారు. ఆమె మాట తలుపు దాకా తీసుకెళ్ళింది, లోపలికి వాళ్ళే వెళ్ళారు.

మన సాక్ష్యాల్లో దీనికి తలకిందులు. పాపం గురించి పదిహేను నిమిషాలు మంచి రంజుగా, ప్రభువు గురించి రెండు నిమిషాలు.

ఇంకొకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి అన్నగారూ. మీ సాక్ష్యంలో మీ ఆవిడ ఉన్నారా? నేను కొట్టాను, ఆమె వెళ్ళిపోయింది, పిల్లలు భయపడ్డారు, ఇలాంటివి? మా ఆయన సాక్ష్యం చెబుతుంటే ముందు వరుసలో కూర్చుని తల దించుకునేదాన్ని. ఆయన విడుదల గురించి జనం చప్పట్లు కొడుతుంటే నా పరువు నేల మీద పడి ఉండేది. అది ఆయన సాక్ష్యమే, కానీ అందులో సగం నా జీవితం. నన్ను ఒక్కమాట అడగలేదు.

పాతనిబంధన

మీరంతా ఒక మంచి మనిషిని పట్టుకుని ఉతికేస్తున్నారు. ఇలా ఒక్కో మాటా తూకం వేసుకుంటూ, డాక్టర్‌ని అడిగి, ఇంట్లో పర్మిషన్ తీసుకుని సాక్ష్యం చెప్పాలంటే రేపు ఎవరూ నోరు తెరవరు. ఇప్పటికే మనవాళ్ళలో నూటికి తొంభై మంది పక్కింటివాడికి కూడా తాము విశ్వాసులమని చెప్పరు. ఈ బ్రదర్ కనీసం చెప్పాడు. శిష్యులు పేతురు యోహానులను యూదుల పెద్దల సభ బెదిరించాక సంఘం ఏం ప్రార్థన చేసిందో చూడండి (అపొస్తలుల కార్యములు 4:29). బెదిరింపులు ఆగాలని అడగలేదు, ధైర్యంగా మాట్లాడే శక్తి అడిగారు. నాకు భయం వేసేది తప్పు చెప్పినవాళ్ళను చూసి కాదు, ఎప్పుడూ చెప్పనివాళ్ళను చూసి.

సాదా సాక్ష్యం

ఆ తొంభై మందిలో నేనొకణ్ణి. ఎందుకు చెప్పనో చెబుతాను. నాకు బూట్ల డబ్బా లేదు. పుట్టింది విశ్వాసుల ఇంట్లో, సండే స్కూలు, పన్నెండో ఏట బాప్తిస్మం, ఉద్యోగం, పెళ్ళి. నేల మీద పడి ఏడ్చిన రాత్రి ఒక్కటీ లేదు. సాక్ష్యం చెప్పమంటే నేను ఏం చెప్పాలి? ఒకసారి మా సంఘంలో ఒక కుర్రాడు నాలాంటివాడే, ఏమీ లేదనిపించుకోవడం ఇష్టం లేక, సిగరెట్ రెండుసార్లు కాల్చినదాన్ని "వ్యసనాలకు బానిసనై" అని చెప్పాడు. నవ్వొచ్చింది, తర్వాత జాలేసింది. వాడికి ఆ మాట నేర్పింది మనమే కదా.

అందరూ చెప్పి తీరాలా అని కూడా ఒక సందేహం. పాస్కల్ ఉన్నాడు కదా, లెక్కల మేధావి. 1654 నవంబరు 23 రాత్రి తనకు కలిగిన అనుభవాన్ని ఒక తోలు కాగితం మీద రాసి కోటు లోపల కుట్టుకున్నాడు. 1662లో చనిపోయాక గానీ అది బయటపడలేదు.

తోమా తమ్ముడు

పాస్కల్ కోటు వెనక దాక్కోకండి, ఆయన ఆ తర్వాత బతికినంతకాలం విశ్వాసాన్ని సమర్థించే పుస్తకానికి నోట్స్ రాస్తూనే ఉన్నాడు. కోటులో కుట్టుకున్నది అనుభవాన్ని, నోరు కాదు.

కుదించిన సాక్ష్యం అంటే నాకు "అమేజింగ్ గ్రేస్" పాట రాసిన జాన్ న్యూటన్ గుర్తొస్తాడు. 1748లో సముద్రంలో తుఫాను, ఓడ మునిగేలా ఉంది, దేవుణ్ణి పిలిచాడు, బతికాడు. ఇంతవరకే చెబితే హాలు దద్దరిల్లిపోతుంది. కానీ ఆ తర్వాత ఆయనే బానిసల ఓడలకు కెప్టెన్‌గా వెళ్ళాడు. 1754లో ఒంట్లో బాగోలేక సముద్రం మానేశాడు, అప్పటికి మనస్సాక్షి వల్ల కాదు. బానిస వ్యాపారానికి వ్యతిరేకంగా బహిరంగంగా రాసింది 1788లో. తుఫానుకీ ఆ రాతకీ మధ్య నలభై ఏళ్ళు! ఆ రాతలో తన మార్పు ఎంత ఆలస్యమైందో తనే ఒప్పుకున్నాడు. నాకు తుఫాను కంటే ఆ ఒప్పుకోలే పెద్ద సాక్ష్యంగా కనిపిస్తుంది. ఆవగింజ గారి పదకొండు నెలలు ఏపాటి?

బయటివాణ్ణి

నేను విశ్వాసిని కాదు. మా అక్క పంపిన లింకు పట్టుకుని వచ్చాను. ఇవతలి ఒడ్డున కూర్చుని వినేవాడి మాట కూడా ఒకటి ఉండనివ్వండి.

నాకు ఇప్పటిదాకా ఎన్ని సాక్ష్యాలు చెప్పారో లెక్క లేదు. చాలావాటిలో చెప్పేవాడి చూపు నా మీద ఉండదు, నేను ఎప్పుడు ఒప్పుకుంటానా అన్నదాని మీద ఉంటుంది. ఒకసారి మా టీం మేనేజర్ అప్రైజల్ మాట్లాడే గదిలోనే తన సాక్ష్యం మొదలుపెట్టాడు. నేను తలూపుతూ కూర్చున్నాను, ఏం చేస్తాను మరి. ఆయన సంతోషంగా లేచి వెళ్ళాడు, ఆ తర్వాత నెల రోజులు నేను ఆయన ఎదురుపడకుండా తిరిగాను. ఆయన దృష్టిలో అది ధైర్యం. నాకైతే తలుపు మూసిన గది.

గుర్తున్నది ఒక్కటే, మా అక్కది. వాళ్ళ పాప జబ్బుతో పోయింది. సంఘమంతా ఉపవాసాలుండి ప్రార్థన చేసినా పోయింది. అక్క అంటుంది, "ఎందుకు తీసుకున్నాడో నాకు తెలీదురా. కోపం ఇంకా ఉంది. అయినా పొద్దున లేవగానే ఆయనతోనే మాట్లాడుతున్నా, ఇంకెవరితో మాట్లాడను?" దీనికి నేను ఇప్పటికీ జవాబు చెప్పలేకపోయాను. మిగతావాటికి పది లాజిక్కులు చెప్పగలను.

నైట్ డ్యూటీ

మేనేజర్ సంగతి చదివి గుండె కలుక్కుమంది. మాకూ అదే. బెడ్ మీద సెలైన్ పెట్టుకున్న మనిషి లేచి పోలేడు, నన్ను పొమ్మనలేడు. అందుకే డ్యూటీలో నా అంతట నేను మొదలుపెట్టను. 1 పేతురు 3:15లో ఉన్నది కూడా అడిగినవాళ్ళకు జవాబు చెప్పమనే కదా, అదీ సాత్వికంతో. ఇన్నేళ్ళలో ఒక పెద్దావిడ, రాత్రి రెండింటికి, "నీకు విసుగు రాదా అమ్మా" అని అడిగింది. వస్తుందని చెప్పాను. వచ్చినప్పుడు ఎవరితో చెప్పుకుంటానో కూడా చెప్పాను. రెండు నిమిషాలు పట్టిందేమో. ఆవిడ దుప్పటి సర్దుకుని పడుకుంది. అంతే, హల్లెలూయాలేమీ లేవు.

సాదా సాక్ష్యం గారూ, నాకూ బూట్ల డబ్బా లేదు.

పెద్దాయన

పిల్లలూ, నేను పాస్టరుగా పనిచేసి విరమించినవాణ్ణి. రెండు రోజులుగా చదువుతున్నాను. ముందు ఒక నేరం ఒప్పుకోవాలి. ఐదు నిమిషాల్లో ముగించమని చెప్పే పాస్టర్లలో నేనొకణ్ణి. అంతే కాదు, "ఆ మాత్రల సంగతి వద్దులే బాబూ, విశ్వాసం తక్కువైనట్టు ఉంటుంది" అని ఒకమ్మాయితో అన్నాను. డిప్రెషన్ నుంచి బయటపడిన అమ్మాయి. ఆమె మళ్ళీ ఎప్పుడూ సాక్ష్యానికి లేవలేదు. అది నా లెక్కలో ఉంది.

యోహాను 9 చూడండి. పుట్టుగుడ్డివాడికి చూపు వచ్చింది. పరిసయ్యులనే యూదు మతపెద్దలు పిలిపించి యేసు పాపి అని ఒప్పుకోమంటే, ఆయన పాపో కాదో నాకు తెలియదు, నేను గుడ్డివాణ్ణి, ఇప్పుడు చూస్తున్నాను, ఇది ఒక్కటే తెలుసు అన్నాడు. తెలియనిదాన్ని తెలియదు అనడమే అతని ధైర్యంలో మొదటి సగం. వాళ్ళ అమ్మానాన్నలకు కూడా ఎంతో కొంత తెలుసు, కానీ సమాజమందిరం నుంచి వెలివేస్తారని భయపడి వాణ్ణే అడగండి అని తప్పుకున్నారు. వాడు తప్పుకోలేదు. వెలి పడ్డాడు.

ఇంకో సంగతి గమనించండి, నేను నలభై ఏళ్ళు ప్రసంగించి కూడా ఆలస్యంగా చూసింది. అధ్యాయం మొదట్లో వాడు "యేసు అనే ఒక మనిషి" అంటాడు. తర్వాత "ప్రవక్త" అంటాడు. ఆ తర్వాత "దేవుని దగ్గర నుంచి వచ్చినవాడు". చివర్లో గానీ "ప్రభువా, నమ్ముతున్నాను" అని మొక్కలేదు. అంటే సాక్ష్యం చెబుతూ ఉండగానే వాడి విశ్వాసం ఎదిగింది. పూర్తయ్యాక చెబుదామని ఆగి ఉంటే ఆ అధ్యాయమే లేదు.

"ధైర్యము" అని మన తెలుగు బైబిల్లో ఉన్నచోట గ్రీకులో చాలాసార్లు పర్రేసియా అనే మాట ఉంటుంది. మూలార్థం అన్నీ చెప్పేయడం, దాపరికం లేకుండా మాట్లాడడం. గొంతు పెంచడం కాదు. పాతనిబంధన గారూ, మీ భారం నాకు అర్థమైంది, నోరు తెరవనివాళ్ళే ఎక్కువ. కానీ వాళ్ళు తెరవకపోవడానికి ఒక కారణం మనం వేదిక మీద చెప్పించిన ఒక్క రాత్రి కథలే. అంత గొప్పగా నాకు జరగలేదు కదా అని ఊరుకుంటారు.

ఆవగింజ బాబూ, వెళ్ళి చెప్పు.

పాతనిబంధన

అయ్యగారూ, నేను ఒప్పుకుంటున్నాను, పూర్తిగా కాదు గానీ. ఒక్క రాత్రిలోనే మానేసినవాళ్ళు కూడా ఉన్నారు, మా మామయ్య ఒకడు. వాళ్ళను అబద్ధికుల్లా చూడొద్దని మాత్రం అడుగుతున్నాను. ఆయనకు అలా జరిగింది, అలాగే చెప్పుకుంటాడు.

తోమా తమ్ముడు

న్యాయం. అలా జరిగితే అలాగే చెప్పాలి.

ఆవగింజ

ఆలస్యానికి క్షమించండి. వరసగా చెబుతాను.

నీళ్లకుండ సిస్టర్ అడిగింది చదివి ముందు మా ఆవిడకు ఈ చర్చంతా చూపించాను. తొమ్మిదేళ్ళలో నేను ఆమెను అడగలేదు, నిజమే. మొత్తం చదివి, ఫోన్ నా చేతికిచ్చి, "బూట్ల డబ్బా సంగతి ఎంతైనా చెప్పుకో. నేను వెళ్ళిపోయిన ఆ రెండు నెలల సంగతి మాత్రం నాది. చెప్పాలనిపిస్తే నేనే చెబుతా" అంది. సరే అన్నాను.

డాక్టర్ దగ్గరికి మరుసటి రోజే వెళ్ళాం. సిస్టర్ అన్నట్టే, ఆ నాలుగు రోజుల్లో మూడో రాత్రి అతనికి ఎవరో పిలిచినట్టు వినబడిందట, భయపడి నాలుగో రోజు మళ్ళీ తాగాడట. దేవుడు చూడలేదు అన్నది అందుకు. వారం రోజులు అడ్మిట్ చేశారు. ఇప్పుడు ఇంటికి వచ్చాడు.

నిన్న సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. ఆ ఏడాది నాటి చిన్న పాకెట్ డైరీ నా దగ్గర ఇంకా ఉంది, అది తీసుకెళ్ళాను. తాగని రోజుకి ఒక టిక్కు పెట్టుకునేవాణ్ణి. నేల మీద పడి ఏడ్చిన రాత్రి తర్వాత ముప్ఫై ఎనిమిది టిక్కులు, తర్వాత ఒక ఇంటూ. ఆపైన మళ్ళీ టిక్కులు, ఆరో నెలలో, ఆదివారం గడిలో, ఇంకో ఇంటూ. అది పేజీ చిరిగేంత గట్టిగా గీసి ఉంది. అతని చేతిలో పెట్టి, "తమ్ముడూ, నీకు చెప్పింది పూర్తి నిజం కాదు. ఆ రాత్రి నిజం, ప్రభువు నన్ను వదల్లేదన్నది నిజం, పొద్దునకే పోయిందన్నది అబద్ధం" అన్నాను. నోరు ఎండిపోయింది. సంఘంలో వందమంది ముందు చెప్పినప్పుడు ఇంత భయం వేయలేదు.

తిడతాడనుకున్నాను. చాలాసేపు ఏమీ అనలేదు. ఒకసారి మాత్రం, "ముందే చెప్పొచ్చు కదన్నా" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు, లేదనే చెప్పాను. అతను నమ్మాడా, ప్రార్థనకు వస్తాడా అంటే తెలియదు, నేను అడగలేదు కూడా.

లేచి వచ్చేద్దామనుకుంటుంటే డైరీ మళ్ళీ తెరిచాడు. ఆ ఆదివారం గడి మీద వేలు పెట్టి, పక్క గడిలో ఉన్న టిక్కు చూపించి, "ఈ సోమవారం పొద్దున ఏం చేశావన్నా?" అని అడిగాడు.

మళ్ళీ కూర్చున్నాను. రాత్రి పదకొండయింది ఇంటికి వచ్చేసరికి.